ముప్పై రెండో గుడ్డ

స్కూటర్ స్టాండు ఒక్క తొక్కుకే పడితే రిచర్డ్ ఆ రోజు మామూలుగా ఉన్నట్టు. రెండు మూడుసార్లు తొక్కితే ఆఫీసులో ఏదో జరిగినట్టు. పదకొండేళ్ల కాపురంలో దేవకృప నేర్చుకున్న విద్యల్లో ఇదొకటి. దీనికి పరీక్ష లేదు, సర్టిఫికెట్ లేదు, కానీ ఒక్కరోజు తప్పినా లెక్క తేలేది ఆమె ఒంటిమీదే.

ఆ శుక్రవారం సాయంత్రం వంటింట్లో కూర్చుని గోంగూర తుంచుతూ ఉంటే స్టాండు రెండుసార్లు చప్పుడయింది. ఆమె చేతిలో కాడ చేతిలోనే ఆగిపోయింది. బూట్లు విడిచిన చప్పుడు విన్నది. తాళాలు బల్లమీద పెట్టాడు, విసరలేదు. ఊపిరి వదిలింది.

"రేపు నీ ఎగ్జిబిషన్‌కి నేనే రిబ్బన్ కట్ చెయ్యాలంట," అన్నాడు రిచర్డ్, వంటింటి గుమ్మంలో నిలబడి. "చర్చి కమిటీ సెక్రటరీని కదా, పాస్టరు అయ్యగారు నువ్వే చెయ్యి అన్నారు. తీగ మీద పాత గుడ్డలు ఆరేస్తే దానికి రిబ్బనేంటో నాకర్థం కాదు."

"గుడ్డలు ఆరెయ్యడానికి డిగ్రీ కూడా చదవాలన్నమాట ఈ కాలంలో," అంది ముందు గదిలోంచి అత్తగారు ప్రేమమణి. "మేం చదవకుండానే ఆరేశాం."

తల్లీకొడుకులు నవ్వుకున్నారు. దేవకృప కూడా నవ్వింది. అలాంటప్పుడు నవ్వకపోతే, 'ఏం, నీకు పౌరుషమొచ్చిందా' అని ఇంకో మాట పుడుతుంది. నవ్వుతూనే, గోంగూర వైపు చూస్తూనే, ఆమె మనసులో ఒక్కటే అనుకుంది. రేపు ఈయన హాల్లోకి వస్తాడు. గుడ్డలన్నీ చదువుతాడు. ముప్పై ఒకటి చదివితే ఫరవాలేదు.

ఉన్నవి ముప్పై రెండు.

దేవకృప రెజిమెంటల్ బజార్ దగ్గర ఒక ఆడపిల్లల బడిలో డ్రాయింగ్ టీచరు. వాళ్లమ్మ రోసమ్మ ఆసుపత్రిలో ఆయాగా పనిచేసి, బెడ్‌పాన్లు కడిగి, కూతుర్ని ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చదివించింది. వాళ్ల వంశంలో కాలేజీ గేటు దాటి లోపలికి పోయిన మొదటి మనిషి దేవకృప. బొమ్మలు గీయడానికి కూడా కాలేజీ ఉంటుందని తెలిసినప్పుడు రోసమ్మ మూడు రోజులు నమ్మలేదు. ఈ ఎగ్జిబిషన్ జరిగిన ఏడు, అంటే రెండు వేల ఏడులో, ఒక సంస్థ వాళ్లు కొందరు డ్రాయింగ్ టీచర్లకు రెండు వారాలు శిక్షణ ఇచ్చారు. బొమ్మ గోడకు వేలాడదీసి మనుషుల్ని పిలవడం కాదు, మనుషుల దగ్గరికే పోయి వాళ్లచేతనే చేయించండి, వాళ్ల బతుకులోంచి తీయించండి, మీ బస్తీలోనే మొదలుపెట్టండి అని చెప్పి పంపారు. దేవకృప అది మనసులో పెట్టుకుంది. బడిలో యాపిల్ పండూ కుండా గీయించీ గీయించీ ఆమెకు విసుగెత్తిపోయి ఉంది.

చిలకలగూడ చర్చి వెనక ఉన్న హాలు అడిగి తీసుకుంది. మూడు నెలలు, ప్రతి శనివారం మధ్యాహ్నం, ఇంటి పనులు అయిపోయాక ఆడవాళ్లు వచ్చేవారు. చర్చి వాళ్లు, బస్తీ వాళ్లు, ఇళ్లల్లో పనిచేసేవాళ్లు, అందరూ. పద్ధతి ఏమిటంటే, ఇంట్లో తాము రోజూ అందరికన్నా ఎక్కువసార్లు వినే మాట ఒకటి ఉంటుంది కదా, దాన్ని దేవకృప చెవిలో చెప్పాలి. ఆమె పాత గుడ్డముక్క మీద చాక్‌పీసుతో ఆ మాట రాసి ఇస్తుంది. చదువు రానివాళ్లు కూడా ఆ గీత మీదే దారంతో కుట్టుకుంటూ పోవచ్చు. కుట్టేది ఇంట్లోనే. తెచ్చేటప్పుడు పేపర్లో చుట్టి తేవాలి. ఎవరి గుడ్డ ఏదో ఎవరికీ తెలియకూడదు. పేర్లు ఉండవు. ఈ చివరి నియమం పెట్టింది దేవకృపే. మిమ్మల్ని కాపాడటానికి అని చెప్పింది వాళ్లకు.

మొదట్లో ఎవరూ నోరు విప్పలేదు. తర్వాత చెవిలో చెప్పడం మొదలయ్యాక ఆమెకే భయం వేసింది, ఒక మనిషి తలలో ఇన్ని మాటలు పడతాయా అని. 'ఇంట్ల ఉండి ఏం జేస్తవ్.' 'ఎవరినడిగి పోయినవ్.' 'మీ అమ్మ ఇదే నేర్పిందా.' మార్త అనే ముసలావిడ, నాతో ఎవరూ మాట్లాడరమ్మా, నేనేం కుట్టను అని అడిగింది. ఆమె తెల్లగుడ్డకు చుట్టూ అంచు మాత్రం కుట్టి తెచ్చింది. దేవకృప ఇంట్లో పనిచేసే లచ్చమ్మ వంతు వచ్చినప్పుడు ఆ మనిషి సిగ్గుతో మెలికలు తిరిగిపోయింది.

"మాయన రోజూ ఒక్కటే అడుగుతడు టీచరమ్మా. తిన్నవా అంటడు. మార్కెట్లకెల్లి వచ్చినా అంటడు, పోయేటప్పుడు సుత అంటడు. గిది రాయొచ్చా? ఇండ్ల బాధేం లేదు గద."

"ఎక్కువ వినే మాట అన్నాను గానీ బాధ అని నేనన్లేదు కదా లచ్చమ్మా," అంది దేవకృప. ఆకుపచ్చ రవికె ముక్క మీద 'తిన్నవా' అని రాసిచ్చింది. రాసేటప్పుడు అక్షరాలు వంకర పోయాయి. అది అసూయ అని ఆమెకు ఇంటికి పోయాకగానీ తెలియలేదు.

వారం తర్వాత గిన్నెలు తోముతూ తోముతూ లచ్చమ్మే అడిగింది. "మేమందరం మీ చెవుల చెప్తిమి. మరి మీరెవరి చెవుల చెప్తరు?"

దేవకృప ఎవరి చెవిలోనూ చెప్పలేదు. కానీ ఆ రోజు బీరువా అడుగునుంచి ఒక గుడ్డముక్క బయటికి తీసింది. వంకాయ రంగు నేత చీర కొంగు అది, ఆవపిండి రంగు అంచు. రెండేళ్ల కిందట ఆ చీర ఇస్త్రీ చేస్తూ ఉండగానే రిచర్డ్ లోపలికి వచ్చి తలుపు మూశాడు. ఆమె చేతిలోంచి ఇస్త్రీపెట్టె జారి కొంగు మీద పడి అలాగే ఉండిపోయింది. గదంతా మాడు వాసన వచ్చేదాకా ఇద్దరిలో ఎవరికీ అది గుర్తులేదు. ఆయన టీవీ సౌండు పెంచాడు. వంగి, చాలా నెమ్మదిగా, పిల్లలకు లెక్క చెప్పినట్టు చెప్పాడు, ప్రతిసారీ చెప్పే మాటే. ఏడాదికి మూడుసార్లో నాలుగుసార్లో అంతే. మిగతా రోజుల్లో ఆయన అందరితోనూ మర్యాదగా ఉండే మనిషి. ఆ మిగతా రోజులే ఎక్కువ భయం. దెబ్బ పడ్డప్పుడు కనీసం ఇక ఎదురుచూడనక్కర్లేదు.

కొంగు చివర కాలిన మేర కత్తిరించి, మిగిలిన చీరకు అంచు మడిచి కుట్టి, ఆ క్రిస్మస్‌కు లచ్చమ్మకు ఇచ్చేసింది. క్రిస్మస్‌కు పనిమనిషికి పాత చీర పెట్టడం వాళ్ల ఇళ్లల్లో మామూలే. కాలిన ముక్క మాత్రం పారెయ్యలేకపోయింది. ఇప్పుడు ఆ గోధుమరంగు మచ్చ పక్కన, ఇంట్లో ఎవరూ లేని వేళ చూసి, నల్లదారంతో కుట్టింది: 'గట్టిగా ఏడవకు. పక్కింటికి వినపడుతుంది.'

ఏ గుడ్డ ఎక్కడ వేలాడాలో నిర్ణయించడం కూడా ఈ పనిలో భాగమే అని శిక్షణలో నేర్పారు. ఏది దేని పక్కన ఉంటే ఏం చెబుతుందో చూడాలన్నారు. దేవకృప ముప్పై ఒక్క గుడ్డల్ని అలాగే చూసి, కిటికీ వెలుతురు పడేలా, మనిషి కంటి ఎత్తులో తాళ్ల మీద వేలాడదీసింది. ముప్పై రెండోదాన్ని హాలు మూల, స్విచ్‌బోర్డు పక్కన, బీరువా నీడలో పెట్టింది. అక్కడికి ఎవరు పోతారు.

శనివారం మధ్యాహ్నం రిచర్డ్ రిబ్బన్ కత్తిరించాడు. అయ్యగారు ప్రార్థన చేశారు. అరవై డెబ్బై మంది దాకా వచ్చారు. హాలు ఉడికిపోయింది.

"అబ్బ, ఏం ఉక్క. ఫ్యాను వేసేవాళ్లే లేరా," అంటూ స్త్రీల సమాజం ప్రెసిడెంటు కాంతమణి లేచి నేరుగా స్విచ్‌బోర్డు దగ్గరికి నడిచింది.

ఫ్యాన్ సంగతి దేవకృపకు తట్టనే లేదు. మూడు నెలలు ఆ ఫ్యాన్ కిందే కూర్చుంది.

కాంతమణి స్విచ్ వేసి, కళ్లద్దాలు పైకి జరిపి, మూలనున్న గుడ్డ చదివింది. మళ్లీ చదివింది. అంచు పట్టుకుని చూసింది. "ఇది మన లచ్చమ్మ చీర కదూ," అంది. "ఆ వంకాయ రంగుది. రోజు విడిచి రోజు ఇదే కట్టుకుని మా సందులోంచి పోతుంది." పక్కనున్న ఇద్దరు ముగ్గురు వచ్చి చూశారు. అవును, అదే అంచు. "ఇక్కడ కాలింది చూడు. కాల్చాడేమో కూడా. పాపం, ఎప్పుడూ నవ్వుతూ ఉంటుంది పిచ్చిది."

దేవకృప హాలు మధ్యలో నిలబడి ఉంది. క్రిస్మస్‌కు ఇచ్చిన చీర. ఆ చీర ఇప్పుడు బస్తీ మొత్తానికి లచ్చమ్మది. ఆ సంగతి తనకెలా తోచలేదు.

రిచర్డ్ నెమ్మదిగా నడిచి మూలకు వెళ్లాడు. ఆమె ఆయన వీపు చూస్తోంది. చదవడానికి ఎంతసేపు పడుతుంది ఆ నాలుగు మాటలు. ఆయన చాలాసేపు నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఇటు తిరిగినప్పుడు మాత్రం ముఖం ప్రార్థనలో ఉన్నప్పటిలా ఉంది.

"చాలా బాధాకరం," అన్నాడు అందరితో. "ఈ హమాలీ మనుషులు సాయంత్రమైతే తాగుతారు, ఆడదాన్ని కొడతారు. లచ్చమ్మ మొగుడు సదాశివతో నేను మాట్లాడతాను. సంఘం ఊరుకుంటే ఎలా."

కాదు అనాలని దేవకృప నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది. లచ్చమ్మ ఆ పూట పనిలో ఉంది, రాలేదు. అదొక్కటే ఆ క్షణంలో ఆమెకు ఊరట. దానికే తర్వాత ఎక్కువ సిగ్గుపడింది.

ఆ సాయంత్రం స్కూటర్ స్టాండు ఒక్క తొక్కుకే పడింది. రిచర్డ్ గోంగూర పచ్చడి రెండోసారి వేయించుకున్నాడు.

"నువ్విలాంటివి చేయించడం మంచిదే. నేనే పొరపాటు పడ్డాను," అన్నాడు. కొంచెం ఆగి, "ఆ మాట లచ్చమ్మే చెప్పిందా నీకు?"

"ఎవరి పేర్లూ రాసుకోలేదండీ."

"అదే మంచిది." ఆయన ఆమె వైపు చూశాడు. "పేర్లు లేకపోవడమే అందరికీ మంచిది."

ఆమె మజ్జిగ పోసింది. గ్లాసు అంచుకు గిన్నె తగిలి టకటకమంది. ఆ చప్పుడు ఆయన విన్నాడు, చిన్నగా నవ్వాడు.

ఆదివారం తెల్లవారగానే లచ్చమ్మ పనికి వచ్చింది. ఎప్పుడూ తలుపు దగ్గర్నుంచే ఏదో ఒకటి మాట్లాడుతూ వచ్చే మనిషి, మాట్లాడకుండా గిన్నెల ముందు కూర్చుంది. ఆమె ఒంటిమీద ఆ వంకాయ రంగు చీర లేదు.

"నిన్న మాపటికి సారూ, ఇంకో ఇద్దరు పెద్దమనుషులు మోండా మార్కెట్‌కు పోయిన్రంట," అంది చివరికి, చెయ్యి ఆపకుండానే. "మూటలు దించుతుంటె మాయనను నిలవెట్టి, పెండ్లాన్ని కొట్టెటోడు మొగోడేనారా అన్నరంట. నలుగురు హమాలీల ముంగట. మాయన మందు ముట్టడు టీచరమ్మా, ఎరికే గద మీకు. ఇంటికొచ్చి మెట్ల మీద కూసున్నడు. తినలే. నన్ను చూసి, నేనెప్పుడన్న నీ మీద చెయ్యెత్తిన్నానే, అని అడిగిండు. గా మాట అడిగినంక నాకు బువ్వెట్ల దిగుతది."

దేవకృప నీళ్ల పంపు పట్టుకుని నిలబడింది.

"ఆ చీరను ఉతికింది నేను," అంది లచ్చమ్మ. "కొంగు ఎందుకు కురచగున్నదో నాకెరికే. మీ వీపు మీద ఆయింట్‌మెంట్ రాసింది సుత నేనే, ఎందుకూ ఏందీ అని అడగలే. నేను పేరు జెప్ప టీచరమ్మా. చెప్పి మిమ్ముల పరేషాన్ జెయ్య. గని మాయన ఇయ్యాల ప్రార్థనైనంక హాలుకు వస్తనంటున్నడు. గా గుడ్డ చూస్తడంట. నన్ను అడుగుతడు. నేనేం జెప్పాల్నో మీరే జెప్పున్రి."

చివరి గిన్నె బోర్లించి, చేతులు తుడుచుకుని వెళ్లిపోయింది. ఆ రోజు చాయ్ తాగలేదు.

తిరిగి చూస్తే ప్రేమమణి గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటినుంచో.

"అది నువ్వు క్రిస్మస్‌కి ఇచ్చిన చీర," అంది అత్తగారు.

దేవకృప బోర్లించిన గిన్నె ఒకటి తీసి మళ్లీ బోర్లించింది.

"నాకు చెవుడు లేదమ్మాయ్. పక్క గదిలోనే పడుకుంటాను కదా నేను." ముసలావిడ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "మా ఆయన దగ్గర నేను నలభై ఏళ్లున్నాను. నోరు మూసుకుంటే రోజులు గడిచిపోతాయి. పనిమనిషికి పోయే పరువేముంది గనక. రెండు రోజులైతే ఎవరికీ గుర్తుండదు."

అది నిజమే అయి ఉండొచ్చు. ఆ మాటతో దేవకృపకు వచ్చిన భయం మాత్రం కొత్తది. అప్పటిదాకా ఆమె రిచర్డ్‌కు భయపడింది, దెబ్బకు భయపడింది, బయట తెలిస్తే బడిలో పిల్లల ముందు ఎలా నిలబడాలా అని భయపడింది. ఇప్పుడు గుమ్మంలో నిలబడ్డ ఈ మనిషిని చూసి భయపడింది. నలభై ఏళ్లు మూసుకున్న నోరు ఇలా ఉంటుందన్నమాట. అవతలి గదిలో ఒకతె ఏడుస్తూ ఉంటే విని అటు తిరిగి పడుకోగలుగుతుందన్నమాట. తనైనా నిన్న హాల్లో చేసింది అదే కదా. తనకింకా పదకొండేళ్లే.

చర్చికి బయల్దేరేటప్పుడు దారాలూ సూదులూ ఉన్న గుడ్డసంచి తీసుకుంది. ఎందుకో తెలియకుండానే బీరువాలోంచి సర్టిఫికెట్ల ఫైలు కూడా అందులో పెట్టింది. పద్మారావు నగర్‌లో అమ్మ ఉండే ఒంటిగది గుర్తొచ్చింది. ఏమీ నిర్ణయించుకోలేదు, ఊరికే పెట్టుకున్నాను అని తనకు తనే చెప్పుకుంది.

చివరి కీర్తన మొదలు కాకముందే లేచి బయటికి వచ్చింది. హాలు ఖాళీగా ఉంది. మూలకు పోయి, ఆ గుడ్డ క్లిప్పులు తీసింది. కిటికీ ఎదురుగా, తలుపు తీయగానే కనబడే తాడు మీద, లచ్చమ్మ ఆకుపచ్చ గుడ్డ పక్కన చోటు చేసింది. 'తిన్నవా' పక్కన ఆ నల్ల అక్షరాలు. ఇప్పుడు రెండూ కలిసి చెప్పేది వేరే ఉంది. ఇది మొదటిరోజే చెయ్యాల్సిన పని అని ఆమెలోని టీచరుకు తెలుసు.

సూదిలో దారం ఎక్కించబోయింది. ఎక్కలేదు. మూడు నెలలు కళ్లు ఆనని ముసలాళ్లందరికీ దారం ఎక్కించిన చెయ్యి ఇది. రెండోసారి దారం తడిపి ప్రయత్నించింది. అవతల కీర్తన మూడో చరణంలోకి వచ్చింది. మూడోసారి ఎక్కింది. ఆ మాట కింద, కాలిన మచ్చ పక్కన, చాక్‌పీసు గీత లేకుండానే కుట్టడం మొదలుపెట్టింది. దే. వ. కృ దగ్గర వేలికి సూది దిగింది. ప పూర్తయ్యేసరికి అడుగుల చప్పుడు హాలు మెట్లెక్కుతోంది.

ముందు వచ్చింది సదాశివ. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. వెనక లచ్చమ్మ. ఆ వెనక కాంతమణి, సంఘం మనుషులు, అందరితో చేతులు కలుపుతూ రిచర్డ్. సదాశివకు చదువు రాదు. ఆ వంకాయ రంగు చూసి ఆగిపోయాడు. భార్య వైపు చూడలేదు, దేవకృప వైపు చూశాడు.

"టీచరమ్మా, నేను ఎక్కువ మాట్లాడ. గీ గుడ్డ ఎవరిది?"

"నాది, సదాశివా."

అంది గానీ, అది తన చెవికే సరిగా చేరలేదు.

"ఏమన్నావ్ కృపా? వినపడలేదమ్మా," అంది కాంతమణి ముందుకు వంగి.

రిచర్డ్ అప్పటికే పక్కకు వచ్చేశాడు. గుడ్డ చదివాడు. కింద పేరు చదివాడు. ముఖం మీద నవ్వు అలాగే ఉంది, ఆయన వేళ్లు మాత్రం ఆమె మోచేతి మీద బిగుసుకున్నాయి. వంగి, చాలా నెమ్మదిగా, పిల్లలకు లెక్క చెప్పినట్టు చెప్పాడు. "ఇంటికెళ్లి మాట్లాడుకుందాం. గట్టిగా మాట్లాడకు. అందరూ వింటున్నారు."

దగ్గరగా ఉన్న మార్త ఆ మాట విన్నది. తల తిప్పి తాడు మీది గుడ్డ చూసింది. మళ్లీ రిచర్డ్ ముఖం చూసింది. కాంతమణి కళ్లద్దాలు పైకి జరిపింది. లచ్చమ్మ ఒక అడుగు ముందుకు వేసి, సంచి కిందపడకుండా దేవకృప భుజం మీద సర్దింది, అంతే.

దేవకృపకు భయం పోలేదు. వేలి చివర రక్తం చుక్క ఇంకా ఆరలేదు. మోచెయ్యి విడిపించుకుంది. ఊపిరి తీసుకుంది.

"ఈ గుడ్డ నాది. ఈ మాట మా ఇంట్లోది," అంది, పక్కింటికి వినపడేంత గట్టిగా.